పాత కంప్యూటరు ఎర్రర్ చూపితే
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నాకు అప్పగించిన అంశం వేరు. మన ఇళ్లలో పది, పన్నెండేళ్లుగా ఉన్న కంప్యూటరు ఎర్రర్ చూపినప్పుడు ఏం చేయాలి? పిల్లలు ఉద్యోగాలకు హైదరాబాదో, అమెరికానో వెళుతూ వదిలి వెళ్లిన పెట్టె అది. మన పెన్షను కాగితాలు, ఆదాయపు పన్ను లెక్కలు, మనవళ్ల ఫొటోలు అందులోనే ఉంటాయి. నేను ఇంజనీరును కాను. గుమస్తాగా చేరి ఫైళ్ల మధ్యనే సర్వీసంతా గడిపినవాణ్ణి. సంఘం ఆఫీసులోని పాత కంప్యూటరును చూసుకునే పని నా మీద పడింది. ఆ పేరు చెప్పి సభ్యులు తమ ఇళ్లకు కూడా పిలుస్తుంటారు. అలా చూసినంతలో నాకు అర్థమైనదేమంటే, ఈ పనికి గుమస్తా బుద్ధి చాలా వరకు సరిపోతుంది.

ఎర్రర్ అంటే ఒక మెమో

ఆఫీసుకు పైనుంచి మెమో వస్తే మనం ఏం చేసేవాళ్లం? నంబరు, తేదీ చూసి రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. ఆ తరవాతే విషయం చదివేవాళ్లం. కంప్యూటరు చూపే ఎర్రర్ కూడా అంతే. తెర నీలంగా మారి ఇంగ్లీషు అక్షరాలు రాగానే మనం కంగారుపడి స్విచ్ ఆపేస్తాం. తరవాత మెకానిక్ "ఏం వచ్చిందండీ?" అని అడిగితే "ఏదో వచ్చింది బాబూ" అంటాం. దాంతో ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది.

నీలి తెర మీద సున్నాతో మొదలయ్యే ఒక నంబరో, పెద్ద అక్షరాలతో ఒక పేరో ఉంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకోవాలి, లేదా సెల్‌ఫోనుతో ఫొటో తీయాలి. ఆ నంబరు చివర 7బి అని ఉంటే, విండోస్ ఉన్న డిస్కును యంత్రం అందుకోలేకపోతోందని అర్థం. 24 అని ఉంటే డిస్కులో ఫైళ్ల అమరికలో తేడా వచ్చిందని. 50 అని ఉంటే చాలాసార్లు మెమరీ కార్డును అనుమానించాలి. నంబరు ఒక్కదానితోనే జబ్బు తేలదు గాని, ఏ సెక్షనుకు పంపాలో తెలుస్తుంది. దానితో పాటు ఆ రోజు ఏం జరిగిందో కూడా రాయాలి. కరెంటు పోయిందా, కొత్త ప్రింటరు పెట్టామా, పెట్టె పక్కకు జరిపామా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంకొక నియమం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగూ కలిపి మారిస్తే యంత్రం బాగుపడవచ్చు గాని, ఏది బాగుచేసిందో తెలియదు. మళ్లీ పాడైతే కథ మొదటికొస్తుంది.

ముందు కరెంటు, తరవాత కంప్యూటరు

పాత కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతే వెంటనే వైరస్ అనకండి. ముందు ప్లగ్గు చూడండి, తరవాత యు.పి.యస్. చూడండి. యు.పి.యస్.లో బ్యాటరీ కొన్నేళ్లకు అరిగిపోతుంది. పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు పోయిన మరుక్షణం మాత్రం పెట్టె ఆగిపోతుంది. ఫైలు రాస్తుండగా అలా పదేపదే ఆగితే డిస్కులో తప్పులు పుడతాయి.

మన ప్రాంతానికి చెమ్మ ఒక ప్రత్యేకమైన బెడద. కొల్లేరు చుట్టుపక్కల వానాకాలంలో గోడలే తడిగా ఉంటాయి. కొందరు శ్రద్ధగా ప్లాస్టిక్ కవరు కప్పి నెలల తరబడి అలాగే ఉంచుతారు. లోపలి చెమ్మ బయటకు పోయే దారి ఉండదు, మెమరీ కార్డు కాళ్లకు చిలుము పడుతుంది. కైకలూరు వైపు ఒక మిత్రుని ఇంట్లో ఇదే జరిగింది. స్విచ్ వేస్తే తెర రాదు, పీప్, పీప్ అని చప్పుడు. ప్లగ్గు పీకి, కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి (ఒంట్లోని స్థిర విద్యుత్తు కార్డుకు తగలకుండా), మెమరీ కార్డు తీశాం. దాని బంగారు రంగు కాళ్లను పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి, క్లిక్కుమనే దాకా తిరిగి నొక్కాం. తెర వచ్చింది. పెట్టెను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా ఉంచి, వారానికి ఒకసారైనా గంటసేపు నడిపితే చాలు. వరద నీరు తగిలిన పెట్టెను మాత్రం "ఒకసారి చూద్దాం" అని స్విచ్ వేయవద్దు. విప్పి శుభ్రంగా ఆరబెట్టించి, తెలిసినవారు చూశాకే కరెంటు ఇవ్వాలి.

మరొక చిన్న సంగతి. "నాన్ సిస్టం డిస్క్" అని తెర మీద వస్తే, ముందు వెనకాలో ముందువైపో పెన్‌డ్రైవు ఉండిపోయిందేమో చూడండి. యంత్రం దానిలో విండోస్ వెతుక్కుంటూ ఉంటుంది. తీసేసి మళ్లీ వేస్తే సరి.

తేదీ తప్పితే

తాడేపల్లిగూడెంలో ఒక సభ్యులు ఫోను చేశారు. "ఏమండీ, ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు, కనెక్షను భద్రం కాదంటోంది, నెట్ వాళ్లను రెండుసార్లు పిలిచాను." తెర కింద మూల తేదీ ఎంత ఉందో చూడమన్నాను. 2009 అని ఉంది!

ప్రతి భద్రమైన వెబ్‌సైటుకూ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది. మన లైఫ్ సర్టిఫికెట్టు లాగే దానికీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని చెల్లుబాటు ఉంటుంది. మన యంత్రం 2009లోనే ఉన్నాననుకుంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని దాన్ని తోసిపుచ్చుతుంది. దీనికి కారణం లోపల మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ. 3 వోల్టులది, సి.ఆర్. 2032 అని దాని మీదే రాసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అయిపోతే రోజూ పొద్దున్న తేదీ వెనక్కు పోతుంది, ఒక్కోసారి ఎఫ్-1 నొక్కమని అడుగుతుంది. కొత్త బ్యాటరీ వేసి తేదీ, సమయం సరిచేస్తే పని అయిపోతుంది. చాలా తక్కువ ఖర్చుతో పోయేదానికి కంప్యూటరే మార్చేయాలని చెప్పేవాళ్లూ ఉంటారు, జాగ్రత్త.

కార్బన్ కాపీ

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన మాట. సర్వీసులో ఉండగా కార్బన్ పెట్టకుండా మనం ఏ కాగితమూ టైపు చేయలేదు. ఫేర్ కాపీ వెళ్లిపోయినా ఆఫీసు కాపీ ఉండేది. ఇంటి కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు మరిచిపోయాం.

మన ఫ్యామిలీ పెన్షనరు సోదరి ఒకరి ఇంట్లో భర్తగారు వాడిన కంప్యూటరు ఉండేది. ఆయన పోయిన తరవాత ఒకరోజు నీలి తెర వచ్చింది. ఆమె దాన్ని ఒక రిపేరు దుకాణానికి పంపారు. కుర్రవాడు "అమ్మా, ఫార్మాట్ కొట్టాలండి" అన్నాడు. ఆమెకు ఆ మాటకు అర్థం తెలియదు, సరే అన్నారు. యంత్రం కొత్తదానిలా తిరిగి వచ్చింది. ఆయన పదేళ్లుగా ఎక్కించిన ఫొటోలు, ఆయన గొంతుతో ఉన్న ఒక రికార్డింగు, స్కాన్ చేసిన సర్వీసు రిజిస్టరు పేజీలు, ఏవీ అందులో లేవు. బిల్లు నాకు చూపించారు. అందులో రెండు పద్దులు ఉన్నాయి. ఒకటి ఫార్మాట్, రెండోది డిస్కు కేబుల్ మార్పు. మొదట కేబుల్ ఒక్కటే మార్చి చూసి ఉంటే ఏమయ్యేదో ఇక తేలదు. ఆ బిల్లు చేతిలో పట్టుకుని ఆమె "అన్నయ్యగారూ, కాగితాలు పోతే పోనీయండి, ఆ గొంతు మళ్లీ రాదు కదా" అన్నారు.

కాబట్టి మనవి. రిపేరుకు పంపే ముందు "నా ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించి నాకు చూపించిన తరవాతే ఫార్మాట్ చేయాలి" అని కాగితం మీద రాసి, దుకాణం వారి సంతకం తీసుకోండి. మొహమాటపడవద్దు. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే దాన్ని నడపడం మానేయండి. అలాంటి డిస్కు మీద మరమ్మతు ప్రోగ్రాములు నడిపితే ఉన్నది కూడా పోవచ్చు. ముందు కాపీ, తరవాతే మరమ్మతు. ముఖ్యమైన కాగితాలు, ఫొటోలు రెండు చోట్ల ఉంచండి. ఒకటి మీ బీరువాలో, ఒకటి అబ్బాయి దగ్గరో అమ్మాయి దగ్గరో.

దొంగ ఎర్రర్

అసలు ఎర్రర్‌ను పోలిన దొంగ ఎర్రర్ ఒకటి ఉంది. ఏదో చూస్తుండగా తెర నిండా నీలిరంగు పరుచుకుంటుంది, సైరన్ మోగుతుంది, "మీ కంప్యూటరు లాక్ అయింది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని గొంతు వినిపిస్తుంది. గుర్తుపట్టే ఉపాయం ఒక్కటే. విండోస్ ఇచ్చే అసలు ఎర్రర్‌లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు ఉందంటే అది దొంగదే. ఆల్ట్, ఎఫ్-4 కలిపి నొక్కండి. పోకపోతే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఫోను మాత్రం చేయవద్దు. చేస్తే మన తెరను దూరం నుంచి నడిపే ప్రోగ్రాము వేయించి, బ్యాంకు పేజీ తెరిపిస్తారు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి, మీ బ్యాంకుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పాతదాన్ని ఎంతవరకు వాడాలి?

విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని అర్థం ఆ రోజు నుంచి యంత్రం పనిచేయదని కాదు. కొత్తగా బయటపడే లోపాలకు అతుకు వేసేవారు ఉండరని. కనుక అలాంటి యంత్రంలో ఉత్తరాలు టైపు చేసుకోండి, ఫొటోలు చూసుకోండి. బ్యాంకు పని మాత్రం వద్దు.

లైఫ్ సర్టిఫికెట్టు గడువు దగ్గరపడినప్పుడు కంప్యూటరు మొరాయిస్తే బెంగపడవద్దు. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్‌కు మన ఇంటి కంప్యూటరే దిక్కు కాదు. 2021 నుంచి సెల్‌ఫోనులో ముఖం చూపించి కూడా ఇచ్చే వీలు వచ్చింది. పోస్టుమాన్ ద్వారా ఇంటి వద్దనే వేలిముద్రతో ఇచ్చే సదుపాయం కూడా వచ్చింది. యంత్రం ఆగితే పెన్షను ఆగదు.

ఇంటికి వెళ్లగానే ఒక పని చేయమని కోరుతున్నాను. కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. మొదటి పేజీలో ఫైళ్ల కాపీ ఎక్కడ ఉందో రాయండి. రెండో పేజీ నుంచి వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ తేదీతో ఎక్కించండి. మన తరవాత ఆ పెట్టె తెరిచే ఇంటివాళ్లకు అది పనికొస్తుంది. ఆ పుస్తకం తీసుకుని సంఘం ఆఫీసుకు వస్తే చేతనైనంత నేనూ చూస్తాను.