తీగ ఉన్న షాక్ అబ్జార్బర్

ఉయ్యూరులో కారుకు పెద్ద రిపేరు వస్తే బందరు రోడ్డు పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లడం మామూలే. సాధారణ షాక్ అబ్జార్బర్లు మార్చడం అక్కడ రోజువారీ పని. కొన్ని ఖరీదైన కార్లవి వేరు. వాటికి కరెంటు తీగ ఉంటుంది.

2002లో కాడిలాక్ సెవిల్ కారుతో వచ్చిన మాగ్నెరైడ్ షాక్ అబ్జార్బర్‌నే చూడండి. లోపలి నూనెలో సన్నటి ఇనుప రజను ఉంటుంది. కరెంటు పారగానే ఆ నూనె చిక్కబడుతుంది, బండి ఊగడం తగ్గుతుంది. అంతా రెప్పపాటులో!

డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగిందా? వెంటనే కొత్తవి కొనకండి. తీగ తెగి ఉండొచ్చు, సెన్సర్ పాడై ఉండొచ్చు. ముందు స్కానర్, తర్వాతే స్పానర్. అవును, ముందు స్కానర్!

నూనె కారుతుంటే మాత్రం మార్చక తప్పదు. అదీ ఒక్కటి కాదు, ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ. ఖర్చు తగ్గుతుందని మామూలువి బిగిస్తే, కారులోని కంప్యూటర్‌కు విడిగా ఏర్పాటు చేయనిదే ఆ లైటు ఆరదు.