కాంతిని తూచు తక్కెడ

అంగడిలో సరకు తూచుటకు మునుపు వట్టి తక్కెడ ముల్లు సరిగా నిలిచినదా యని చూచుట మన యలవాటు. భౌతిక శాస్త్రజ్ఞులకును ఈ జాగ్రత్త తప్పదు. అందు కొక్క నిదర్శనమును మనవి చేయుదుము.

జపానులోని కమియోకా గనిలో, 1000 మీటర్ల లోతున, సూపర్ కమియోకాండే యను పరికరము 1996లో పని ప్రారంభించినది. అది 50,000 టన్నుల జలము నింపిన తొట్టి. న్యూట్రినో యను సూక్ష్మకణము అరుదుగా నీటి యణువును తాకును. అప్పుడు పుట్టిన విద్యుత్కణము నీటిలో వెలుగు పోవు వడిని మించి పరుగెత్తుచు లేత నీలికాంతిని చిమ్మును. ఆ మిణుకును పట్టుటకు గోడలనిండ 11,000కు పైగా గాజుకన్నుల నమర్చిరి. అవి ఒంటరి కాంతికణమును సైతము గుర్తింపగలవు.

కాని ఏ రెండు కన్నులును ఒక్క తీరున చూడవు. ఒకటి తొందరపడును, ఒకటి ఆలసించును. కావున నీటి నడుమ ఒక గోళమును వ్రేలాడదీసి, అన్ని దిక్కులకు లేసరు వెలుగును వెదజల్లి, ప్రతి కంటి తడబాటును సెకనులో వందకోట్లవ వంతు లెక్కన సరిదిద్దుదురు.

భూగోళమును దూసికొని క్రిందినుండి వచ్చు మ్యూయాన్ న్యూట్రినోలు పైనుండి వచ్చువానిలో ఇంచుమించు సగమే యని 1998లో వీరు ప్రకటించిరి. ఆ కొరత ప్రకృతిలోనిదా, పరికరములోనిదా? నీటిలో ఆగిన మ్యూయానులనుండి ఎలెక్ట్రానులు అన్ని దిక్కులకు వెలువడును. పైకి పోవువానిని, క్రిందికి పోవువానిని పోల్చిచూడగా తక్కెడకు పక్షపాతము లేదని తేలినది. న్యూట్రినోలే దారిలో రూపు మార్చుకొనుచున్నవి. అనగా వానికి ద్రవ్యరాశి కలదు.

2001లో ఒక గాజుకన్ను పగులగా, ఆ యదటున వేలకొలది పగిలినవి. శాస్త్రజ్ఞులు ఒక్కొక్క కంటికి తొడుగు వేసి, 2006 నాటికి అన్నింటిని మరల నిలిపిరి. పిదప మొదటి పని, మరల సరిచూచుటయే.