పెదవిపై వ్రేలుంచిన బాలదేవత

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



రెండు జాతులు ఒక్కచోట బ్రతుకవలసి వచ్చినపుడు వారి దేవతల రూపము లేమగును? ఈ ప్రశ్నకు ప్రాచీన ఈజిప్టు శిల్పము చెప్పిన సమాధానమును నేడు మీ యెదుట నుంచదలచితిమి.

క్రీ. పూ. 332లో అలెగ్జాండరు ఈజిప్టును వశపరచుకొనెను. ఆతని మరణానంతరము సేనానులలో నొకడైన టాలమీ ఆ దేశమునకు ప్రభువయ్యెను. పాలకులు గ్రీకులు, ప్రజలు ఈజిప్షియనులు. గ్రీకులు తమ దేవతలను సుందరమైన మానవరూపమున కొలిచెడివారు. ఈజిప్షియనులు జంతుముఖములు గల దేవతలను గూడ అర్చించెడివారు. మెంఫిస్ నగరమున పూజలందుకొను ఏపిస్ అను వృషభము మరణించిన పిమ్మట, మృతలోకాధిపతియగు ఒసైరిస్‌తో ఏకమగునని వారి విశ్వాసము. ఆ రెండు నామముల కలయిక నుండియే సెరాపిస్ అను పేరు వచ్చినది. శిల్పులు ఆ దేవునకు ఉంగరముల జుట్టును, దట్టమైన గడ్డమును, గ్రీకు వస్త్రమును అమర్చిరి. శిరస్సుపై ధాన్యము కొలుచు కుంచము వంటి పాత్ర నుంచిరి. ప్రక్కన గ్రీకుల పాతాళద్వారమును కాచు మూడు తలల శునకమును నిలిపిరి. పేరు ఈజిప్టుది, రూపము గ్రీకుది.

మూడవ టాలమీ ఈ దేవునకు అలెగ్జాండ్రియాలో గొప్ప ఆలయమును కట్టించెను. 20వ శతాబ్దమున జరిగిన త్రవ్వకములలో దాని పునాదుల నుండి బంగారు, వెండి, కంచు రేకులు లభించినవి. వానిపై శాసనము గ్రీకు లిపిలోను, ఈజిప్షియను చిత్రలిపిలోను గూడ కలదు. ఒకే రేకుపై రెండు భాషలును చోటు పొందినవి.

అయితే కలయిక అంతటను ఇంత సుఖముగా సాగలేదు. ఐసిస్ దేవి కుమారుడు హోరస్. బాల్యమునకు గుర్తుగా ఈజిప్టు శిల్పులు అతని నోటికడ వ్రేలుంచిరి. చిత్రలిపిలో గూడ శిశువును తెలుపు గుర్తు నోటికడ చేయి గల బాలుడే. 'బాల హోరస్' అను ఈజిప్షియను పేరును గ్రీకులు హార్పోక్రటీస్ అని పలికిరి. బొద్దుగా, ముద్దుగా, తమ పద్ధతిలో అతనిని మలచిరి. కాని ఆ వ్రేలి భావము నెరుగని గ్రీకులు, రోమనులు అతడు "మాటాడకుడు" అని హెచ్చరించుచున్నాడని తలచిరి. బాలుడు మౌనదేవత యయ్యెను!

రూపము నిలిచినది, అర్థము జారిపోయినది. క్రమముగా ఆ లిపిని చదువువారే కరవైరి. మనకు తెలిసినంతలో చిత్రలిపిలోని చివరి శాసనము క్రీ. శ. 394లో ఫైలీ ఆలయమున చెక్కబడినది. 1822లో షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు దానిని చదువు మార్గము కనుగొనువరకు, సుమారు 1400 ఏండ్లు ఆ గోడలు మూగవోయినవి.

తల్లిదండ్రులారా, మన బిడ్డలు ఈ ప్రాంతపు భాషను చక్కగా నేర్వవలెను. అది వారికి అన్నము పెట్టు భాష. ఇరుగుపొరుగు పద్ధతులు మన యింట చేరుటయు తప్పు గాదు. కాని "ఇంట తెలుగు మాటలాడుచునే యున్నారు గదా, అక్షరము లెందులకు?" అని మనలో కొంద రడుగుచున్నారు. ఆ బాలదేవత వ్రేలే దానికి సమాధానము. మన పండుగలు, మన పేర్లు ఎట్లును నిలుచును. వాని అర్థమును మన మనుమలు తామే చదివి తెలిసికొనవలెనన్న, నేడు బిడ్డచేత అక్షరములు దిద్దింపవలెను. ప్రతిదినము ఒక అరగంట అందులకు కేటాయింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.