మనవడి సంచిలో ఉపగ్రహ పరికరం



మన గోల్నాక, తార్నాక ఇళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామందే. మా మనవడు అక్కడ సెలవు దొరికితే ఒంటరిగా కొండలెక్కుతాడు. ఫోను అందనిచోట కాలు బెణికితే గతేమిటని వాళ్ళ నానమ్మ దిగులు. అందుకని అరచేతిలో పట్టే ఒక పరికరం కొన్నాడు. అది టవరుతో పనిలేకుండా నేరుగా ఉపగ్రహానికి సందేశం పంపుతుంది. ఇరిడియం వారి 66 ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఆపద మీట నొక్కితే మనిషి ఎక్కడున్నదీ సహాయ కేంద్రానికి తెలుస్తుంది. అయితే పైన ఆకాశం కనబడాలి, దట్టమైన చెట్ల కింద ఆలస్యమవుతుంది. చందా కట్టడం మానితే అది ఉత్త డబ్బా.

సంక్రాంతికి వస్తూ దాన్ని తెస్తాననీ, నల్లమల చూస్తాననీ అన్నాడు. తేవద్దని గట్టిగా చెప్పాను. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళను ఇందుకే పట్టుకున్నారు. 2008 ముంబయి దాడిలో ఉగ్రవాదులు ఉపగ్రహ ఫోను వాడారు, ప్రభుత్వం భయం దానిది. ప్రాణరక్షణకు కొన్నది కదా తాతయ్యా అంటాడు. నిజమే. కాని నేను ఫైళ్ళు నడిపినవాణ్ణి: అనుమతి కాగితం ముందు, ప్రయాణం తరువాత.

నల్లమలకు తోడుతో వెళ్ళి, దారీ తిరిగివచ్చే వేళా రాసి నాకివ్వమన్నాను. ఫోను అందేచోట 112 ఉండనే ఉంది.

మనమూ తెల్లవారకముందే యూనివర్సిటీ ప్రాంగణంలో ఒంటరిగా నడుస్తాం. పేరు, ఇంటి ఫోను నంబరు, బ్లడ్ గ్రూపు, వాడే మందులు రాసిన చీటీ ఎందరి జేబులో ఉంది? ఖాళీ కార్డులు తెచ్చాను. టీ తాగేలోగా నింపి జేబులో వేసుకోండి.