పిల్లలున్న చోటికి బడి

(గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి స్మృతిలో కర్నూలులో చేసిన ప్రసంగం)



హరిసర్వోత్తమరావు గారు 1883లో ఈ కర్నూలులోనే పుట్టారు. 1908లో ‘స్వరాజ్య’ పత్రిక రాతలకు జైలుకు పోయారు. ఆ కథ మీకందరికీ తెలుసు. ఇవాళ నాకు కావలసింది ఆయన తర్వాతి జీవితం. వయోజన విద్య, గ్రంథాలయాలు: ఈ రెండింటికే చాలా ఏళ్ళు వెచ్చించారు. పగలంతా చేలో ఉండే మనిషిని పగటి బడికి రమ్మంటే ఎట్లా వస్తాడు? బడే అతని వేళకు, అతని ఊరికి పోవాల. 2020లో బడులు మూసినప్పుడు దూరాన ఉన్న పిల్లలకు చదువు చెప్పడమనేది ఆకాశం నుంచి ఊడిపడినట్టు మాట్లాడుకున్నాం. మన సీమలో అది పాత సమస్య.

1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ వీధి బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. గవర్నరు మన్రో అడిగిన లెక్క అది. కర్నూలు అప్పటికింకా నవాబు కిందే ఉంది, కాబట్టి మన పట్నం అందులో లేదు. ఆదోని, ఆలూరు మాత్రం బళ్ళారి జిల్లావే. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. సగటున బడికి పన్నెండు మంది! అయితే అందులో నన్ను ఆపింది లెక్క కంటే రెండు పరిశీలనలు. ఒకటి, చదువులో ముందున్న పిల్లలే వెనకున్నవాళ్ళకు చెప్పేవాళ్ళు. ఆ పద్ధతిని కలెక్టరు మెచ్చుకున్నాడు. అంతకు ముందే ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసులో దీన్ని చూసి ఇంగ్లండుకు పట్టుకుపోయాడు, అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. రెండోది చేదుగా ఉంటుంది. కాళ్ళూ చేతులూ కాస్త గట్టిపడగానే బిడ్డను పనికి పెట్టక తప్పని పేదరికం ఊళ్ళలో ఉందని ఆయన రాశాడు. ఆదోని, కోసిగి వైపు పనిచేసే మాస్టర్లకు ఈ మాట రెండు వందల ఏళ్ళ కిందటిదంటే నమ్మకం కలగదు.

ఇక యంత్రాల కాలం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో, 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు వచ్చాయి. సైట్ ప్రయోగం అంటారు దాన్ని. ఆ టీవీ ఊరంతటికీ ఒకటే. పొద్దున పిల్లలు గుంపుగా కూర్చుని చూసేవాళ్ళు. వాళ్ళకు పాఠం విప్పి చెప్పడానికి అయ్యవారు ఉండేవారు. వేల మంది ఉపాధ్యాయులకు సైన్సు శిక్షణ కూడా ఆ ఉపగ్రహం మీదుగానే అందింది. 1982లో జి. రాంరెడ్డి గారి సారథ్యంలో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పుట్టింది. పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఆ విశ్వవిద్యాలయం కూడా పుస్తకాలు పోస్టులో పంపి ఊరుకోలేదు. పలు చోట్ల అధ్యయన కేంద్రాలు పెట్టింది, సెలవు రోజుల్లో తరగతులు నడిపింది.

2020 మార్చి నాటికి ఈ అనుభవమంతా మన వెనక ఉంది. ప్రపంచంలో 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇళ్ళకు పరిమితమైన ఆ ఏప్రిల్‌లో, రాష్ట్రంలో అత్యధిక కరోనా కేసులు మన కర్నూలు జిల్లావే. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి ‘విద్యామృతం’, ఆకాశవాణిలో ‘విద్యాకలశం’, తర్వాత మిగతా తరగతులకు ‘విద్యావారధి’ వచ్చాయి. ప్రభుత్వం పిల్లల్ని మూడుగా విడదీసింది. ఇంటర్నెట్ ఉన్నవాళ్ళు హైటెక్, టీవీనో రేడియోనో ఉన్నవాళ్ళు లోటెక్, ఏదీ లేనివాళ్ళు నోటెక్. ఆ రోజుల ఉత్తర్వులన్నిటిలో నిజాయితీ గల పని ఇదేనని నా అభిప్రాయం. లేనివాణ్ణి లేడని ఒప్పుకున్నారు. కానీ 1975లో టీవీ పక్కన ఉన్న అయ్యవారు 2020లో లేరు. నోటెక్ పిల్లవాడికైతే ఆ టీవీ కూడా లేదు.

ఆ పిల్లవాణ్ణి చేరే బాధ్యత ఎవరి మీద పడిందో ఈ సభలో చెప్పనక్కరలేదు. హెడ్మాస్టరుకు ఒక చేత్తో నాడు-నేడు బడి మరమ్మతు పనుల సిమెంటు లెక్క, ఇంకో చేత్తో మధ్యాహ్న భోజన పథకం గోరుముద్ద బియ్యం, గుడ్లు, చిక్కీలు. జేబులో ఫోనుకు యాప్‌ల మీద యాప్‌లు. ఫొటో ఎక్కించారా అని పైనుంచి అడిగేవాళ్ళేగాని, ఫలానా పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగినవాళ్ళు తక్కువ. నాయకత్వమంటే ఆ రెండో ప్రశ్న తనకు తానే వేసుకోవడం. బియ్యం తీసుకునేందుకు తల్లి వచ్చిన రోజే వర్క్‌షీటు చేతికిచ్చి, పోయినసారిది అడిగి తీసుకోవడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. ఒకే వీధిలో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లకు ముగ్గురు చిన్నవాళ్ళను అప్పగించడానికీ అక్కరలేదు. కాంప్‌బెల్ మెచ్చింది దాన్నే కదా.

పదో తరగతి పరీక్షలు రెండేళ్ళూ రద్దయ్యాయి. అందరూ పాసయ్యారు, అది న్యాయమే. చిన్నవాళ్ళ సంగతే ఘోరం. 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉన్న బిడ్డ, నడుమ కొన్ని వారాలు తప్ప బడి మొహం చూడకుండా, 2021 ఆగస్టు 16న మూడో తరగతి పుస్తకం ముందు కూర్చుంది. ఆ పుస్తకం అక్షరాలు వచ్చినవాళ్ళ కోసం రాసింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్ళు ఎన్నో ఏళ్ళ ముందే పల్లె బడులకు మెట్ల వరసలో కార్డులు తయారుచేశారు. పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి కార్డు తీసుకుని సాగుతుంది, తరగతితో పని లేదు. అంత దగ్గర్లో ఉన్న పద్ధతి ఆ ఆగస్టులో మన బడులన్నిటికీ ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

కరోనా పోయింది. పనుల కోసం ఊరొదిలిపోయే సుగ్గి పోలేదు. వాన మొహం చాటేసిన ఏడు పత్తికొండ, ఆలూరు, మంత్రాలయం వైపు ఇళ్ళకు తాళాలు పడతాయి; గుంటూరు మిరప కోతలకు తల్లిదండ్రులతో పిల్లలూ పోతారు. సీజనల్ హాస్టళ్ళు కొందరిని ఆపుతున్నాయి. మిగిలినవాళ్ళకు ప్రతి ఏడూ లాక్‌డౌనే. వాళ్ళకు మాత్రం విద్యావారధి లేదు.

అయ్యలారా, అమ్మలారా, ఈ జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఒక రిజిస్టరు రాయండి. ఏ యాప్‌లోనూ ఎక్కించకండి, మీ బీరువాలోనే ఉంచండి. పిల్ల పేరు, ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, సుగ్గికి పోతే ఏ ఊరు, అవ్వాతాతల దగ్గర మిగిలితే పక్కింట్లో చదువు చెప్పగల పెద్దపిల్ల ఎవరు, చివరగా ఆ పిల్ల కోసం మీ స్టాఫులో ఎవరు పోతారు. ఈ అయిదు గళ్ళూ నింపి, దీపావళి లోపల ఒకసారి తిరగేయండి.