చదువురాని బుర్ర అంటూ లేదు
(ఆత్మకూరులో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీలో సైకాలజీ తీసుకుంటానని అమ్మాయి అంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "పిచ్చివాళ్ళ చదువు నీకెందుకే?" అని. రెండోది, "దానికి ఉద్యోగం వస్తుందా?" అని. రెండో ప్రశ్న న్యాయమైనదే. బి.ఏ. పట్టాతోనే ఎవరూ చికిత్స చేసే నిపుణులు కారు, ఆపైన ఇంకా చదవాలి. అయినా ఆ చదువు మన అమ్మాయిలకు ఎందుకు కావాలో, మన ఉద్యమానికి ఎందుకు కావాలో ఈ పూట చెబుతాను.

ఆ శాస్త్రంలో ఒక శాఖ సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానం. పేరు బెదరగొట్టేలా ఉంది గాని విషయం మనకు తెలిసిందే. మనిషి దేన్ని గమనిస్తుంది, ఏది గుర్తుంచుకుంటుంది, భాషను ఎలా అర్థం చేసుకుంటుంది, ఎలా ఒక నిర్ణయానికి వస్తుంది అనేవాటిని ప్రయోగాలతో పరీక్షిస్తుంది. 1967లో అమెరికాలో అల్రిక్ నైసర్ రాసిన పుస్తకంతో ఈ పేరు స్థిరపడింది. ఆడవాళ్ళ బుద్ధి గురించి, కూలి జనం బుద్ధి గురించి పెద్దమనుషులు తేలిగ్గా అనేసే మాటలకు రుజువు ఏదని అడగడం ఈ చదువు నేర్పుతుంది.

మన ప్రాంతం సంగతే చూడండి. 1991లో జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు, పగలంతా కూలికి పోయివచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు ముందు పలక పట్టారు. ఈ వయసులో వీళ్ళకు చదువేమిటని నవ్వినవాళ్ళున్నారు. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో, రోశమ్మ వంటి స్త్రీలు ముందు నిలబడి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వాచకంలోని సీతమ్మ కథ వాళ్ళను కదిలించింది. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.

అక్షరాలే వాళ్ళకు తెలివి ఇచ్చాయని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. సారా ఏం చేస్తుందో వాళ్ళకు పలక పట్టకముందే తెలుసు. రాత్రి బడి వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది. ఎవరింట్లో వాళ్ళు మింగుకున్న బాధకు ఉమ్మడి మాటలిచ్చింది.

శాస్త్రంలోనూ ఈ తగువు జరిగింది. 1931, 32 సంవత్సరాల్లో లూరియా అనే సోవియట్ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ రైతుల్ని ఇలా అడిగాడు: మంచుండే ఉత్తర దేశంలో ఎలుగుబంట్లన్నీ తెల్లవి, ఫలానా ఊరు అక్కడే ఉంది, ఆ ఊరి ఎలుగుబంట్లు ఏ రంగు? ఒక రైతు తాను నల్లదాన్నే చూశాననీ, చూడనిదాని గురించి చెప్పననీ అన్నాడు. బడి చదువు లేనందువల్ల ఊహించి ఆలోచించలేకపోతున్నారని లూరియా తేల్చాడు. చూడనిది చెప్పననడం తెలివితక్కువతనమా? కోర్టు బోనులో మనం సాక్షిని కోరేది అదే కదా!

తర్వాత స్క్రిబ్నర్, కోల్ అనే పరిశోధకులు లైబీరియాలో వాయి ప్రజల దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు తమ సొంత లిపిని బడికి పోకుండా ఇళ్ళలోనే నేర్చుకుంటారు. లిపి రావడం వల్ల కొన్ని ప్రత్యేక నేర్పులు వస్తాయే తప్ప మొత్తం ఆలోచనాశక్తి మారిపోదని 1981లో ప్రకటించారు. ఇక వయసు మాట. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు కూడా ఉన్నారు. లక్నో దగ్గరి పల్లెల్లో, ఎక్కువగా ముప్ఫైల్లో ఉన్న స్త్రీలకు ఆరు నెలలు చదవడం నేర్పితే మెదడు లోతుల్లో సైతం మార్పు కనిపించింది. వయసు మీరితే చదువు రాదనే మాటకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

మనం జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఇంకొకటి ఉంది, జ్ఞాపకం. 1974లో లోఫ్టస్, పామర్ విద్యార్థులకు కారు ప్రమాదాల సినిమా చూపించారు. కార్లు 'తగిలినప్పుడు' వేగమెంత అని అడిగితే సగటున గంటకు 34 మైళ్ళన్నారు. 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అని అడిగితే దాదాపు 41 అన్నారు. ఇలాంటి రెండో ప్రయోగంలో, వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, 'గుద్దుకున్న' మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. 'తగిలిన' మాట విన్న 50 మందిలో ఏడుగురే అన్నారు. అసలు అక్కడ పగిలిన అద్దమే లేదు. వాళ్ళంతా విశ్వవిద్యాలయంలో చదువుతున్నవాళ్ళు! జ్ఞాపకం జారడం నిరక్షరాస్యుల జబ్బు కాదు, మనిషి బుర్ర పనిచేసే తీరే అది.

ఈ జ్ఞానం రెండంచుల కత్తి. దెబ్బలు తిన్న స్త్రీ తేదీ తప్పు చెబితే, "జ్ఞాపకం నమ్మదగింది కాదని శాస్త్రమే చెప్పింది" అని ఎదుటి వకీలు అనగలడు. తేదీ మరచినంత మాత్రాన దెబ్బ అబద్ధం కాదని చెప్పగలిగిన మనిషి మన పక్షాన ఉండాలి. మన పనిలోనూ పాఠం ఉంది. బాధితురాలు వచ్చినప్పుడు "కర్రతో కొట్టాడా?" అని అడగకండి. "ఏం జరిగిందమ్మా?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు, ఆ రోజే రాసుకోండి. జవాబును నోటికందించే ప్రశ్న మంచి మనసుతో వేసినా ఆమెకే చేటు.

అందుకే మన కాలేజీల్లో ఈ సబ్జెక్టు కావాలని అడుగుదాం. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మొదటి పాఠాలకు కాగితం, గడియారం, నలుగురు మనుషులు చాలు. మంచం, దిండు, దుప్పటి, కల, ఆవలింత అని చదివి వినిపించి, కాసేపాగి గుర్తున్నవి చెప్పమనండి. మీరు చదవని 'నిద్ర'ను కూడా కొందరు కలుపుతారు. ఉన్నత చదువుకు తెలుగు పుస్తకాలు తేవడానికని 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చే పిల్ల బుర్రలో సగం ఇంగ్లీషుతో కుస్తీకే పోతే, విషయానికి చోటెక్కడిది? తెలుగులో పాఠాలూ అడుగుదాం.

దూబగుంట స్త్రీలకు పలక కోసం రాత్రి బడి ఉండింది. వాళ్ళ మనవరాళ్ళకు ఈ శాస్త్రం కోసం తరగతి గది ఉండాలి. మన మీద చేసే ప్రయోగాలను చదవడమే కాదు, ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు కూడా మనలోంచి రావాలి.