కిలిమంజారో నీరు

కిలిమంజారో పేరు వినగానే మనకు భూమధ్యరేఖ చెంత మెరయు మంచు తలపునకు వచ్చును. టాంజానియా దేశమున, కెన్యా సరిహద్దు దాపున నున్న ఈ కొండ ఎత్తు 5,895 మీటర్లు. ఆఫ్రికాలో ఇంతకు మించిన శిఖరము లేదు. 1848లో రెబ్‌మన్ అను జర్మను మతబోధకుడు ఆ మంచును చూచి వ్రాయగా, ఎన్నడును అక్కడికి పోని పండితులు కొందరు నవ్విరి. షిరా, మావెంజీ, కిబో అను మూడు అగ్నిపర్వతములు కలిసి ఈ కొండ అయినది. మొదటి రెండును చల్లారినవి. కిబో మాత్రము నిద్రించుచున్నది. దాని బిలమునుండి నేటికిని గంధకపు ఆవిరి వెడలుచునే యున్నది.

చుట్టునున్న లక్షలాది జనులకు నీరిచ్చునది ఆ మంచేనని పలువురి నమ్మకము. మనమును అట్లే అనుకొందుము. కాని శిఖరముపై ఏటా పడు వాన, మంచు కలిపి 200 మిల్లీమీటర్ల లోపే. దక్షిణపు వాలున, 2,000 మీటర్ల ఎత్తు దాటిన అడవిలోనో, అంతకు పదిరెట్లు వాన కురియును. అదిగాక, కొమ్మలను కప్పిన నాచు మబ్బులలోని తేమను పట్టి బొట్టుబొట్టుగా నేలకు దింపును. గుల్లగానున్న లావారాయి ఆ నీటిని త్రాగి కొండ అడుగున ఊటలుగా విడుచును. ఉత్తరమున కెన్యాలోని అంబోసెలీ చిత్తడినేలలు, అక్కడి ఏనుగుల మందలు బ్రదుకుచున్నది ఈ ఊటలమీదనే. దక్షిణపు నీరు పంగానీ నదిగా హిందూ మహాసముద్రమును చేరును. దారిలో 1960 దశకమున కట్టిన జలాశయమునకు 'న్యుంబ యా ముంగు', అనగా దేవుని ఇల్లు, అని పేరు.

వాలులమీది చగ్గా రైతులు యూరపువారు రాకమునుపే వాగులనుండి పిల్లకాలువలు త్రవ్వి అరటితోటలకు నీరు మలపుకొనిరి. వంతులు నిర్ణయించుటకు, ఏటేటా పూడిక తీయించుటకు కాలువకొక పెద్ద యుండును. మన పల్లెల నీరటి వంటివాడే.

1912లో ఉన్న మంచులో నూటికి 85 పాళ్లు 2007 నాటికే పోయినది. లోకమంతయు దానికై వగచుచున్నది, వగవవలసినదే. అయినను మా దృష్టిలో అంతకు మించిన నష్టము అడవిది. కార్చిచ్చులవలన, అందును తేనె తీయువారు పెట్టు పొగ రాజుకొనుటవలన, మబ్బులను పట్టు పై అడవి చాలమేర కాలినది. ఆ చోట మొలచు పొదలు అంత తేమను పట్టజాలవు. 2005లో అడవిని జాతీయోద్యానమున చేర్చిరి. వంటచెరకునకు, పశువుల గడ్డికి దానినే నమ్ముకొన్న స్త్రీలకు అది కష్టమైనది. 2020 అక్టోబరులో మరల మంటలు లేచినవి. ఆర్పుటకు కొమ్మలు చేతబట్టి కొండ యెక్కినవారిలో దిగువ పల్లెలవారును ఉండిరి.